అద్దాల పెట్టెలో ఉప్పు సముద్రం

“సముద్రం చూడాలంటే రెండు వందల కిలోమీటర్లు బస్సెక్కి పోవాలి. ఈ అడవిలో సముద్రపు చేపలేమిటయ్యా నీకు?” పాల్వంచలో మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ అడిగే మొదటి ప్రశ్న ఇది. రెండో ప్రశ్న, “వీటికి రోజూ ఉప్పు వేస్తూ ఉండాలా?” అన్నది. మొదటిదానికి నా దగ్గర సరైన జవాబు లేదు. పిచ్చి అనుకొని ఊరుకోవచ్చు. రెండోదానికి మాత్రం జవాబు ఉంది. అది ఒంటబట్టడానికి నాకు ఒక నక్షత్రపు చేప, రెండు రొయ్యలు, ఒక క్లౌన్ చేప ఖర్చయినాయి. సావనీర్‌కు ఏదైనా వ్రాసి ఇమ్మని యూనియన్ తమ్ముళ్ళు వచ్చి అడిగితే, ఈ సంగతే వ్రాస్తానన్నాను. “సార్, కొంచెం సైన్సు కూడా కలపండి” అన్నారు. కలపకుండా కుదిరే వ్యవహారం కాదు ఇది.

ఉప్పుకూ మన ప్రాంతానికీ ఉన్న సంబంధం పాతదే. అడవిలో అన్నీ దొరుకుతాయి, ఉప్పు తప్ప. చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయ తెచ్చి సంతలో పోసి, బదులుగా ఉప్పు మూట కట్టుకొని పోయిన రోజులు గూడేల్లో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఎంత చింతపండుకు ఎంత ఉప్పు అన్న లెక్కలో ఎవరు బాగుపడ్డారో కూడా చెబుతారు. అది వేరే వ్యాసం.

ఇంతకీ లవణీయత అంటే ఏమిటి? ఒక కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి. అంటే వెయ్యికి 35 పాళ్ళు. అన్ని సముద్రాలకూ ఇది సగటు మాత్రమే. ఎండలు ఎక్కువ, నదులు తక్కువ అయిన ఎర్ర సముద్రంలో 40 దాకా పోతుంది. నదులు వచ్చి పడే బాల్టిక్ సముద్రంలో చాలాచోట్ల 10 కూడా ఉండదు. అయితే విచిత్రమేమిటంటే, ఉప్పదనం ఎంత మారినా అందులోని లవణాల పాళ్ళు మాత్రం దాదాపు మారవు. మొత్తం లవణాల్లో క్లోరైడు 55 శాతం, సోడియం 30 శాతం పైన, సల్ఫేటు 8 శాతానికి కాస్త తక్కువ, మెగ్నీషియం 3.7 శాతం, కాల్షియం, పొటాషియం ఒక్కొక్కటి ఒక శాతం పైచిలుకు. ఈ సంగతిని 1819లోనే మార్సెట్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టాడు. తరువాత 1872 నుంచి 1876 వరకు ప్రపంచ సముద్రాలన్నీ చుట్టివచ్చిన ‘చాలెంజర్’ ఓడ తెచ్చిన 77 నమూనాలను డిట్‌మార్ అనే ఆయన ఓపికగా పరీక్షించి, 1884లో ఆ మాటనే ఖాయపరిచాడు.

దీనివల్ల మన కెమిస్ట్రీ విద్యార్థులకు ఒక లాభముంది. ఒక్క క్లోరైడును కొలిస్తే చాలు, మిగతా అన్నిటి లెక్కా తేలిపోతుంది. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో సిల్వర్ నైట్రేటు, పొటాషియం క్రోమేటుతో చేసే టైట్రేషనే ఇది. వచ్చిన క్లోరినిటీని 1.80655తో గుణిస్తే లవణీయత. కిలోకు 19.37 గ్రాములు వస్తే 35 అన్నమాట. ప్రాక్టికల్ పరీక్షలో ఎర్ర రంగు ఎక్కడ తిరిగిందో తెలియక బ్యూరెట్ దగ్గర చెమటలు కక్కినవాళ్ళు, ఆ టైట్రేషన్‌తోనే ఓడలమీద కొన్ని తరాలపాటు సముద్రాలను కొలిచారని తెలిస్తే కాస్త ఊరట పొందవచ్చు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటి చెప్పాలి. “ఉప్పే కదా, కిరాణా కొట్లో కిలో రాళ్ళుప్పు తెచ్చి కలిపితే పోలా?” అంటారు. పోదు. శ్రీకాకుళం జిల్లా నౌపడలోనో, చినగంజాంలోనో ఉప్పు మడులు చూసినవాళ్ళకు ఎందుకో సులువుగా అర్థమవుతుంది. సముద్రపు నీటిని మడుల్లోకి పెట్టి ఎండబెడతారు. బోమే డిగ్రీల్లో కొలిస్తే సముద్రపు నీరు 3 దగ్గర మొదలై, 25కు చేరేసరికి తినే ఉప్పు పలుకులు కట్టడం మొదలవుతుంది. కాల్షియంలో చాలా భాగం అంతకుముందే జిప్సమ్‌గా అడుగున దిగిపోయి ఉంటుంది. ఉప్పు పోగుచేసిన తరువాత మడిలో మిగిలే చేదు నీళ్ళలో మెగ్నీషియం, పొటాషియం ఉండిపోతాయి. ఆ నీళ్ళను పారబోస్తారు. అంటే మన ఇంటికి వచ్చే ఉప్పు సముద్రంలో ఒక ముక్క మాత్రమే. సోడియం, క్లోరైడు తప్ప మిగతావన్నీ దారిలోనే పోయినాయి. అందులో మళ్ళీ గడ్డకట్టకుండా వేసే పొడులు ఉంటాయి. ఆ ఉప్పుతో 35 పాళ్ళు చేసినా అది ఉప్పునీరే గాని సముద్రపు నీరు కాదు. అక్వేరియంకోసం అన్ని లవణాలూ పాళ్ళ ప్రకారం కలిపి అమ్మే సముద్ర లవణం వేరే ఉంది, అదే కొనాలి. ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. నిజమే. కాని 100 లీటర్ల తొట్టికి మూడు కిలోల ఆరువందల గ్రాముల పైచిలుకు పడుతుంది, ఒకసారి వేసింది వేసినట్టే ఉంటుంది.

ఆ చివరి మాట దగ్గర కాస్త ఆగండి. అసలు కిటుకంతా అక్కడే ఉంది. ముందు చేప సంగతి చూద్దాం.

మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఏమవుతుంది? తెల్లవారేసరికి ముక్కలు ముడుచుకొని ఊట దిగుతుంది. ముక్కలోని నీరు ఉప్పున్న వైపు లాగబడింది. పుస్తకాల్లో దీన్నే ద్రవాభిసరణం అన్నారు. పలచని పొర అడ్డముంటే, నీరు పలచని ద్రావణం నుంచి చిక్కని ద్రావణంలోకి పోతుంది. సముద్రపు చేప బ్రతుకు కూడా ఆ మామిడి ముక్క బ్రతుకే. దాని నెత్తురులో ఉప్పదనం చుట్టూ ఉన్న నీటిలో మూడోవంతే. మనకు ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ సీసాలో లీటరుకు 9 గ్రాముల ఉప్పుంటుంది చూశారా, చేప నెత్తురు కూడా దానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. చుట్టూ 35. అందుకని మొప్పల గుండా దాని ఒంట్లో నీరు నిరంతరం బయటికి లాగబడుతూనే ఉంటుంది. అది మాగాయ ముక్క అయిపోకుండా ఏం చేస్తుందంటే, సముద్రపు నీటినే గటగటా తాగుతుంది. తాగిన నీటిలోని అదనపు ఉప్పును మొప్పల్లో ఉండే ప్రత్యేక కణాల ద్వారా బయటికి తోసేస్తుంది. నీళ్ళ నడుమ ఉండి దాహంతో బ్రతకడమంటే ఇదే. మన కిన్నెరసానిలో చేపది సరిగ్గా తలకిందుల వ్యవహారం. దాని ఒంట్లోకి నీరు దూరిపోతూ ఉంటుంది, అది పలచని మూత్రంగా పారబోస్తూ ఉంటుంది, తాగనే తాగదు.

ఈ రెండు పనులూ వచ్చిన ఘటం ఒకటుంది. సముద్రంలో ఉన్నప్పుడు విలస, వరదలకు గోదావరిలోకి ఎదురెక్కినప్పుడు పులస. పుస్తెలమ్మి అయినా తినాలన్నారే, ఆ చేప. ఉప్పునీటిలో ఉప్పును బయటికి తోసే యంత్రాన్నే మంచినీటిలో ఉప్పును లోపలికి లాగేటట్టు మార్చుకొంటుంది. పండుగప్పదీ అదే విద్య, కాకపోతే గుడ్లు పెట్టడానికి అది నది నుంచి సముద్రం వైపు పోతుంది. మార్పు అలవాటయ్యేవరకు ఇవి నదీముఖంలో ఆగి, మెల్లగా సర్దుకొంటాయి. ఆ వ్యవధి మన తొట్టిలో చేపకు ఎవరిస్తారు? పైగా మనం పెంచే చేపలు చాలావరకు పగడపు దిబ్బల దగ్గర పుట్టినవి. అక్కడ ఏడాది పొడుగునా ఉప్పదనం అంగుళం కదలదు. చేపయినా కొంత తట్టుకొంటుంది. నక్షత్రపు చేప, రొయ్య, శంఖంలో దాగే పీత ఇట్లాంటివాటి సంగతి మరీ కష్టం. నక్షత్రపు చేపకైతే సర్దుబాటు యంత్రమే లేదు. బయట ఎంత ఉప్పో ఒంట్లో అంతే. బయట హఠాత్తుగా మారిందా, దాని కణాలు వాచిపోవటమో ఎండిపోవటమో జరగాల్సిందే.

ఇప్పుడు తొట్టి సంగతికి వద్దాం. తొట్టిలో నుంచి నీరు ఆవిరి అవుతుంది. ఉప్పు ఆవిరి కాదు. ఇంతే సూత్రం. ఆరో తరగతి పిల్లవాడు చెప్పగలడు. చెప్పగలగడం వేరు, మే నెలలో పాటించడం వేరు.

రేడియోలో ఎండల వార్తలు వినేవాళ్ళకు కొత్తగూడెం, మణుగూరు, భద్రాచలం పేర్లు కొత్త కాదు. బయట 44, 45 డిగ్రీలు ఉన్నప్పుడు ఇంట్లో తొట్టి నీరు ఊరికే 33, 34 చేరుతుంది. సముద్రపు చేపలకు 25 నుంచి 27 హాయి. 30 దాటితే నీటిలో ప్రాణవాయువు తగ్గి మూతి పైకెత్తుతాయి. నీరు చల్లబరిచే యంత్రం కొనే స్తోమత లేక, నావంటివాడు మూత తీసి నీటిమీదికి ఒక చిన్న ఫ్యాను పెడతాడు. కుండలో నీరు చల్లబడ్డట్టే తొట్టీ చల్లబడుతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావటానికి సుమారు 580 కిలోకేలరీల వేడి కావాలి. ఆ వేడి తొట్టిలోంచే పోతే, బయటి వేడి లోపలికి రాకుండా ఉంటే, 100 లీటర్ల నీరు ఐదారు డిగ్రీలు చల్లబడుతుంది. బయటి వేడి వస్తూనే ఉంటుంది కాబట్టి అంత దిగదు, అయినా పని నడుస్తుంది. బాగానే ఉంది. కాని వేడి తగ్గించటానికి పెట్టిన ఫ్యాను ఉప్పదనం పెంచుతుంది! మా తొట్టిలో మే నెలలో రోజుకు రెండు లీటర్లు పోతుంది. 100 లీటర్లు వారం రోజుల్లో 86 అవుతాయి. ఉప్పు మాత్రం మొదట వేసినంతే. 35ను 0.86తో భాగించండి, 40.7. అంటే బంగాళాఖాతపు చేపను వారంలో ఎర్ర సముద్రం దాటించాం. అదే జూలై, ఆగస్టు ముసురులో అర లీటరు కూడా పోదు.

అందుచేత నియమమేమిటంటే, తగ్గిన నీటికి బదులు మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు. ఇది నాకు తెలుసు. నాకు మాత్రమే తెలుసు, అక్కడే వచ్చింది చిక్కు.

చెల్లెలి అత్తవారింట్లో పెళ్ళికని పదిరోజులు ఊరు పోయాను. “అమ్మా, గీత వరకు నీళ్ళు పోస్తూ ఉండు” అని చెప్పి పోయాను. ఏ నీళ్ళో చెప్పలేదు. తిరిగి వచ్చేసరికి నక్షత్రపు చేప చేతులు ముడుచుకొని అడుగున పడి ఉంది. రొయ్యలు రెండూ లేవు, వాటి పెంకులున్నాయి. “ఏం పోశావమ్మా?” అంటే, “సముద్రపు చేపలకు ఉత్త నీళ్ళెట్లా పోస్తరురా? రోజూ రెండు చెంబుల్లో గుప్పెడు గుప్పెడు ఉప్పు కలిపే పోసిన. ఒక్కరోజు కూడా మర్చిపోలే” అంది. మర్చిపోయి ఉంటే బాగుండేది! గుప్పెడు ఉప్పు తూచి చూశాను. రెండు గుప్పెళ్ళు కలిసి 70 గ్రాములు. పదిరోజులకు 700. మొదట ఉన్న 3500తో కలిపి 4200 గ్రాములు, అంటే లవణీయత 42. మా అమ్మ తన లెక్క ప్రకారం అణువంత తప్పు చేయలేదు. ఉప్పు నీళ్ళు తగ్గాయి, ఉప్పు నీళ్ళు పోసింది. చెప్పనివాడిది తప్పు. కాని ఆమె ఆ రోజు అన్నం తినలేదు. మూడోరోజు ఒక క్లౌన్ చేప కూడా పోయింది.

ఈ దెబ్బతో లవణీయతను కొలవటం నేర్చుకొన్నాను. అప్పటిదాకా నా దగ్గర ఉన్నది సన్నని గాజు హైడ్రోమీటర్. పాలవాళ్ళు పెట్టి చూసే లాక్టోమీటర్‌కు అన్నగారు. నీరు ఎంత చిక్కనైతే అది అంత పైకి తేలుతుంది. 25 డిగ్రీల దగ్గర 35 పాళ్ళ నీటికి విశిష్ట సాంద్రత 1.026. ఇక్కడ మోసం ఎక్కడుందంటే, కొన్ని గాజు హైడ్రోమీటర్లు సుమారు 15 డిగ్రీల చలికి లెక్కగట్టి గీతలు గీసినవి. సీమదేశపు చలి అది. మన ఇంట్లో 28 డిగ్రీల నీటిలో దాన్ని వేస్తే, నీరు వ్యాకోచించి పలచబడి ఉంటుంది గనుక, సరైన నీటిలో కూడా 1.023 దగ్గరే ఆగుతుంది. “అయ్యో, ఉప్పు చాలలేదు” అని ఇంకా వేస్తాం. 1.026 కనపడేసరికి అసలు లవణీయత 38 దాటి ఉంటుంది. కాబట్టి కొనేముందు గాజుమీద ఏ ఉష్ణోగ్రత వ్రాసి ఉందో చూడండి. ముల్లు కదిలే ప్లాస్టిక్ పెట్టె రకంలో ముల్లుకు గాలిబుడగ అంటుకొంటే అది పైకి లేచి, ఎక్కువ చూపిస్తుంది. తట్టి బుడగలు పోగొట్టి చూడాలి. ఏ రకమైనా హైడ్రోమీటర్‌కు ఉప్పు తెలియదు, బరువు ఒక్కటే తెలుసు. మన అశ్వాపురంలో తయారయ్యే భారజలంలో దాన్ని వేస్తే, చిటికెడు ఉప్పు లేకుండానే 1.1 చూపిస్తుంది!

దీనికన్నా మేలైనది రిఫ్రాక్టోమీటర్. నీటిగుండా వెలుతురు ఎంత వంగుతుందో చూసి చెప్పే పనిముట్టు. ఒక్క బొట్టు వేసి, మూత వేసి, వెలుతురుకు పట్టి కన్ను పెట్టి చూడడమే. భీమవరం వైపు పోయి చూడండి, రొయ్యల చెరువు గట్టుమీద ప్రతి సూపర్‌వైజర్ జేబులోనూ ఇది ఉంటుంది. అక్కడి ఆక్వా మందుల షాపుల్లో సులువుగా దొరుకుతుంది. నేనూ అక్కడే కొన్నాను. కొన్న రోజున స్వేదన జలం బొట్టు వేసి సున్నా దగ్గరికి సరిచేసుకొన్నాను. సున్నా దగ్గర సరిగ్గా ఉన్నంత మాత్రాన 35 దగ్గర సరిగ్గా ఉంటుందన్న నమ్మకం లేదు. చాలావాటి గీతలు ఉత్త ఉప్పునీటికోసం గీసినవి. దానికి ఒక చౌకైన ఉపాయముంది. 36.5 గ్రాముల మామూలు ఉప్పును 963.5 గ్రాముల స్వేదన జలంలో కరిగించండి. వెలుతురును వంచటంలో ఈ ద్రావణం 35 పాళ్ళ సముద్రపు నీటికి సరిగ్గా సమానం. దీన్ని వేస్తే పరికరం 35 చూపాలి. చూపకపోతే మర తిప్పి అక్కడికి తెచ్చుకోవాలి. కిరాణా తక్కెడ ఈ తూకానికి పనికిరాదు. నేను బజార్లో కంసాలి దగ్గర తూచుకొని వచ్చాను. ఉప్పును బంగారంలా తూయించుకొన్న మొదటివాణ్ణి నేనేనని ఆయన నవ్వాడు. విద్యుద్వాహకతతో కొలిచే మీటర్లు కూడా ఉన్నాయి, వాటికి 25 డిగ్రీల దగ్గర 35 అంటే 53 మిల్లీసీమెన్లు. సముద్ర శాస్త్రజ్ఞులు 1978 నుంచి ఆ కొలతనే ప్రమాణంగా పెట్టుకొన్నారు. మనకంత అవసరం లేదు.

మంచినీరే పోయాలన్నాను గదా, ఏ మంచినీరు? మా వీధి బోరునీళ్ళలో టీ.డీ.ఎస్. మీటరు ముంచితే 800 చూపింది. అంటే లీటరుకు ముప్పాతిక గ్రాము పైన లవణాలు. రోజుకు రెండు లీటర్లు పోస్తే ఏడాదికి 730 లీటర్లు, వాటితో 584 గ్రాములు తొట్టిలో చేరుతాయి. ఉప్పు వేయకుండానే ఉప్పదనం పెరుగుతుంది, గాజుకు సున్నం పెచ్చు కడుతుంది, పాచి పెరుగుతుంది. అందుకని వీధి చివర అమ్మే ఆర్.ఓ. నీళ్ళ టిన్ను వాడుకోవటమే మేలు. టిన్ను తెచ్చిన తరువాత కూడా మీటరు ముంచి చూసుకోండి, అన్ని ప్లాంట్ల నీళ్ళూ ఒక తీరుగా ఉండవు. ఇంకొక మాట. ఆరోగ్యానికి మంచిదని ఆ నీళ్ళను రాగి బిందెలో పోసి పెట్టే అలవాటు మనకుంది. మనిషికి మంచిదేమోగాని, రొయ్యకూ నక్షత్రపు చేపకూ రాగి విషం. తొట్టి నీళ్ళకు ప్లాస్టిక్ బకెట్టే వాడాలి, ఆ బకెట్లో సబ్బు కలపకూడదు.

రోజూ చెంబుతో పోయటం కన్నా బొట్టుబొట్టుగా పడితే చేపకు తేడా తెలియదు. దీనికి ఖరీదైన సరంజామా అమ్ముతారు. నేను మందుల షాపులో సెలైన్ ఎక్కించే కొత్త గొట్టం సెట్టు కొని, రెండు లీటర్ల సీసా పైన వేలాడదీశాను. రెండు లీటర్లు ఇరవైనాలుగు గంటల్లో దిగాలంటే గంటకు 83 మిల్లీలీటర్లు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరయ్యే సెట్టులో నిమిషానికి 28 చుక్కలు. నర్సులు వాచీ చూసి చుక్కలు లెక్కపెట్టినట్టే. మా ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన, “చేపకు ఒంట్లో బాగాలేదా నాయనా?” అని నిజంగానే పరామర్శించాడు. జాగ్రత్త ఒకటి, ఇరవై లీటర్ల టిన్నును మాత్రం దీనికి తగిలించవద్దు. మర జారి అంతా ఒక్కసారి దిగితే 35 కాస్తా 29కి పడిపోతుంది. సీసాలో ఒక్కరోజు నీళ్ళే ఉండాలి. తప్పు జరిగినా ఒక్కరోజు తప్పే జరుగుతుంది.

లవణీయత ఇప్పటికే తప్పి ఉంటే? ఆవిరివల్ల పెరిగితే మంచినీరు కొద్దికొద్దిగా పోసి గీతకు తేవాలి. ఉప్పు ఎక్కువ పడినందువల్ల పెరిగితే నీరు తీసి మంచినీరు పోయాలి. 38 ఉన్న 100 లీటర్ల తొట్టిలో ఎనిమిది లీటర్లు తీసి, అంతే మంచినీరు పోస్తే 35 అవుతుంది. పడిపోయిన లవణీయతను పెంచేటప్పుడు మరీ నిదానం కావాలి, రోజుకు ఒక పాలుకు మించవద్దు. తగ్గటాన్ని చేప ఓర్చుకొంటుంది, పెరగటాన్ని ఓర్చుకోదు. మాగాయ ముక్కను గుర్తు తెచ్చుకోండి. ఏ మార్పయినా సరే, ఉప్పును నేరుగా తొట్టిలో వేయరాదు. విడిగా బకెట్టు నీళ్ళలో ఉప్పు పోసి, గాలి పంపు పెట్టి ఒకరోజు కలియనిచ్చి, కొలిచి, అప్పుడు పోయాలి. పదిహేనురోజులకొకసారి పది లీటర్లు మార్చేటప్పుడు కూడా ఇదే పద్ధతి.

కావాలని లవణీయత తగ్గించే సందర్భం ఒకటుంది. సముద్రపు చేపలకు తెల్లమచ్చల జబ్బు వస్తే, వాటిని వేరే తొట్టిలో పెట్టి నిదానంగా 15 దాకా దింపుతారు. చేప నెత్తురుకు అది దగ్గరే గనుక చేప బ్రతుకుతుంది, పరాన్నజీవి చస్తుంది. రొయ్యలున్న తొట్టిలో ఈ పని చేస్తే ముందు పోయేవి రొయ్యలే.

“ఇంత గొడవెందుకు, మచిలీపట్నం పోయి నాలుగు డ్రమ్ములు సముద్రం తెచ్చుకోరాదా?” అని మా లెక్చరర్ ఒకరన్నారు. తెచ్చుకోవచ్చు. ఎప్పుడు తెస్తామన్నదే ప్రశ్న. దానికి జవాబు మన భద్రాచలం కరకట్ట మీద నిలబడితే తెలుస్తుంది. 1986 ఆగస్టులో ఇక్కడ గోదావరి 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. 43 అడుగులకే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారని తెలిసినవాళ్ళకు ఈ అంకెలంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఊళ్ళు ముంచిన ఆ నీరంతా ధవళేశ్వరం దాటి సముద్రంలోనే పడింది. మంచినీరు తేలిక కాబట్టి సముద్రం మీద పొరలాగా పరుచుకొంటుంది. గోదావరి, కృష్ణ, పైన మహానది, గంగ అన్నీ కలిసి బంగాళాఖాతాన్ని పలచబరుస్తాయి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మన తీరంలో పైనీటి లవణీయత 30కి దిగువకు పోతుంది. నదీముఖం దగ్గర ఇంకా తక్కువ, పైగా బురద. నీరు తేదలచుకొంటే ఎండాకాలంలో, నదీముఖాలకూ ఓడరేవుకూ దూరంగా తీసుకోవాలి. తెచ్చిన తరువాత చీకట్లో కొన్ని వారాలు నిలవపెట్టి, తేట తీసి, కొలిచి వాడాలి. బస్సులో డ్రమ్ము ఎక్కించటానికి కండక్టరును ఒప్పించే పని మాత్రం మీదే.

చేపలు కొనేవాళ్ళకు ఒక హెచ్చరిక. సముద్రపు గుర్రాలు, పగడాలు 2001 నుంచి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. ఎవరైనా అమ్ముతామన్నా కొనకూడదు, అడవి దగ్గర బ్రతికే మనకు ఆ చట్టం సంగతి వేరే చెప్పాలా? క్లౌన్ చేపలను హేచరీల్లో పుట్టించే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు రూపొందించారు. అట్లా పుట్టిన పిల్లనే అడిగి కొనుక్కోండి. సముద్రంలో పట్టిన చేపకన్నా అది తొట్టికి త్వరగా అలవాటు పడుతుంది.

ఈ ఎండాకాలంలో మళ్ళీ పన్నెండు రోజులు ఊరు పోవలసి వచ్చింది. సెలైన్ సీసాలో రోజూ నీళ్ళు నింపే పని మా అమ్మకే అప్పగించాను. ఈసారి ఆమె ఎదురుగా ఒక గిన్నెలో ఉప్పునీరు పోసి, పొయ్యిమీద పెట్టి, నీరంతా పోయి అడుగున తెల్లగా మిగిలినదాన్ని వేలితో తీసి నాలుకమీద పెట్టుకోమన్నాను. “ఆఁ, అర్థమయింది లేరా” అంది. తొట్టి గాజుమీద గీత చెరిగిపోతోందని గోళ్ళరంగు తెప్పించి తానే మళ్ళీ దిద్దింది. నేను తిరిగివచ్చి బొట్టు వేసి చూస్తే 35. పక్కన గోడమీద సుద్దముక్కతో వరసగా పన్నెండు గీతలున్నాయి. పదకొండోది కొంచెం పెద్దగా ఉంటే ఎందుకని అడిగాను. ఆ రోజు కరెంటు పోయి ఫ్యాను తిరగలేదట, నీళ్ళు తక్కువే పట్టాయట.